నవ్వింది ఎవరు? నవ్వులపాలైంది ఎవరు?

మధురవాణి వేషం కట్టిన మా చెల్లి మూడు వారాల్నుంచి సంఘం గడప తొక్కలేదు. కబురు పెడితే, పరీక్షలున్నయ్యని వాళ్ళమ్మ చెప్పి పంపింది. పరీక్షలు ఎప్పుడో అయిపోయినయ్యని మాకు తెలుసు. మాకు తెలుసన్న సంగతి ఆమెకీ తెలుసు.

ఏప్రిల్ 14న మా వాడలో అంబేద్కర్ జయంతికి 'కన్యాశుల్కం'లోని మూడు ఘట్టాలు ఆడేం. జనం కడుపుబ్బ నవ్వేరనీ, కార్యక్రమం జయప్రదమైందనీ పోయిన సంచికలో నాలుగు ముక్కల వార్త వేసుకున్నాం. అందులో అబద్ధం లేదు. నిజం మాత్రం సగమే ఉంది. ఆ మిగతా సగం మనమే కడుపులో దాచుకుంటే, పెద్ద పత్రికలవాళ్ళు మన సంగతులు తొక్కిపెడుతున్నారని మనం అరిచే అరుపుకి విలువేముంది? అందుకని రాస్తున్నాం.

అసలు ఆ నాటకం మనకెందుకు అన్న దగ్గరే మొదటి తగువు. కుర్రోళ్ళు కావాలన్నారు. సంఘం పుట్టినప్పట్నుంచీ ఉన్న తాత ఒప్పుకోలేదు. "బాపనోళ్ళు వాళ్ళ పిల్లల్ని వాళ్ళు అమ్ముకున్నారు. ఆ మీదట వాళ్ళే నాటకం రాసుకున్నారు. వాళ్ళే చప్పట్లు కొట్టుకున్నారు. ఇందులో మనకి వాటా ఏందిరా?" అన్నాడు. తేలిగ్గా తీసేసే మాట కాదు. విధవకి మళ్ళీ పెళ్ళి చెయ్యాలా వద్దా అని అగ్రహారాలు కొట్టుకుంటున్న రోజుల్లోనే మన కులాల్లో మారుమనువు ఉంది. మొగుడు పోయిన ఆడమనిషికి గుండు కొట్టించి మూల కూచోబెట్టే ఆచారం మనది కాదు. మనకి ఓలి ఉండేది. మొగపెళ్ళివాళ్ళు పిల్ల పుట్టింటికి ఇచ్చుకునే డబ్బు అది. కష్టం చేసే రెండు చేతులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతున్నయ్యి గదా, ఆ చేతులకి కట్టిన లెక్క. మూడేళ్ళ పిల్లని అరవయ్యేళ్ళ ముసలాడికి తూకం వేసి అమ్మడం కాదది.

మరి వాళ్ళు అమ్మింది ఎట్లాంటి అమ్మకమో గురజాడ అప్పారావే లెక్క చెప్పేడు. 1892లో విజయనగరంలో నాటకాన్ని మొదటిసారి ఆడేరు. 1897లో అచ్చు వేసినప్పుడు ఇంగ్లీషులో ముందుమాట రాసుకున్నాడాయన. విజయనగరం రాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలానికి ఇట్లాంటి బ్రాహ్మణ పెళ్ళిళ్ళ జాబితా తీయిస్తే 1034 తేలినయ్యట. అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళ వాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళ వాళ్ళు 6. ఏడాది నిండిన పసిగుడ్లు 3. ఆ పసిగుడ్డు ధర 350 నుంచి 400 రూపాయలు. సంతలో దూడ బేరం కూడా పళ్ళు చూసి చేస్తారు. ఇక్కడ పళ్ళైనా రాలేదు.

ఈ అంకెలు చదివి వినిపించినాక తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, ఆడండి. కాని నవ్వించకండి" అన్నాడు. మేం ఆ మాటకే నవ్వేం. ప్రహసనం ఆడుతూ నవ్వించకుండా ఎట్లా తాతా అన్నాం. ఆ మాట వెనకాల ఏముందో అప్పుడు మాకు తెలీలేదు.

తెలియని వాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాం. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఉంటాడు. పెద్దకూతురు బుచ్చమ్మని అప్పటికే ఒక ముసలాడికి అమ్మేడు, ఆ ముసలాడు చచ్చేడు, పిల్ల విధవై ఇంట్లో పడుంది. ఇప్పుడు చిన్నది సుబ్బిని లుబ్ధావధాన్లనే ఇంకో ముసలాడికి అమ్మబోతాడు. తల్లి వెంకమ్మ ఏడుస్తుంది. ఆమె తమ్ముడు కరటకశాస్త్రి ఒక మగపిల్లాడికి ఆడవేషం కట్టి అదే ముసలాడికి అంటగడతాడు. ఈ గందరగోళం మధ్యలో గిరీశం. ఇంగ్లీషు ముక్కలు, సంస్కరణ కబుర్లు, నాలుక మీద బెల్లం. పూటకూళ్ళు అమ్ముకుని బతికే విధవ ఇంట తిని, ఆమె డబ్బే తీసుకెళ్ళి మధురవాణి ఇంట్లో కులికి, చివరికి విధవా వివాహం పేరు చెప్పి బుచ్చమ్మని లేపుకుపోతాడు.

చర్చి అరుగు పక్కన బల్లలు కలిపి స్టేజి చేసేం. ఆడోళ్ళు ముందు నేలమీద, మొగోళ్ళు వెనకాల నిలబడి. ఊళ్ళోంచి కూడా ఒక ఇరవై మంది కుర్రోళ్ళు వచ్చి రోడ్డు వార బండ్ల మీద కూచున్నారు. మాలపల్లి జయంతికి ఊరి కుర్రోళ్ళు రావడం అదే మొదలు. మాకు ఛాతీ పొంగింది కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మొదటి ఘట్టం మధురవాణి ఇల్లు. రామప్పపంతులు లోపలుండగా గిరీశం వస్తాడు. పంతులు మంచం కింద దూరతాడు. అంతలో పూటకూళ్ళమ్మ చీపురు పుచ్చుకుని వస్తుంది. గిరీశం కూడా అదే మంచం కిందకి. ఇద్దరు మగధీరులూ మంచం కింద. పూటకూళ్ళమ్మ వేషం వేసింది నాట్ల ముఠాకి మేస్త్రిగా ఉండే పెద్దమ్మ. చదువు రాదు. మాటలు వినిపించి నేర్పేం. ఆమె చీపురు తిరగేసి మంచం కిందకి వంగిందో లేదో, ముందు కూచున్న ఆడోళ్ళు ఒక్కసారి గొల్లుమన్నారు. "ఎయ్యవే అక్కా, ఇంకోటెయ్యి" అని అరిచింది ఒకావిడ. పుస్తకంలో ఆ దెబ్బ గిరీశానికి తగలదు. పంతులికి తగులుతుంది. గిరీశం జారుకుంటాడు. మా పెద్దమ్మ మాత్రం జారుకునేవాణ్ణి వదల్లేదు. చెప్పకుండా చేసుకుండా వెంటపడి వీపు మీద రెండు వేసింది. గిరీశం వేసిన కుర్రోడికి నిజంగానే తగిలినయ్యి. గురజాడ రాయని దెబ్బలు మా వాడలో పడినయ్యి. ఆ రాత్రి ఆడోళ్ళు అంత గట్టిగా నవ్వింది ఆ ఒక్కచోటే.

వెనకాల మొగోళ్ళు ఎక్కడ నవ్వేరు? గిరీశం నోరు తెరిచిన ప్రతిచోటా. విధవని మోసం చేసిన సంగతి వాడు గొప్పగా చెప్పుకున్నప్పుడు నవ్వేరు. ఆడదాని బుద్ధి గురించి వాడు ఉపన్యాసం దంచినప్పుడు నవ్వేరు. ఆ నవ్వు వాడి మీద కాదు. వాడితో కలిసి.

రెండో ఘట్టంలో అగ్నిహోత్రావధాన్లు పెళ్ళాం మీద విరుచుకుపడతాడు. సుబ్బిని ఆ ముసలాడికి ఇస్తే నుయ్యో గొయ్యో చూసుకుంటానంటుంది వెంకమ్మ. అవధాన్లు కోపానికి వెనకాల ఈలలు, చప్పట్లు. వేసినవాడు బాగా వేసేడు మరి, కాదనం. ముందు వరస మాత్రం చడీచప్పుడు లేదు. మా వాడ చివర ఒక బావి ఉండేది. పూడ్చేసి పదేళ్ళయింది. ఎందుకు పూడ్చేరో ఆడోళ్ళందరికీ తెలుసు. వెనకాల నిలబడ్డవాళ్ళకీ తెలుసు. తెలిసే నవ్వేరు.

ఒకే పందిరి కింద ఒకే మాటకి ఇట్లా రెండు జనాలు తేలినయ్యి. ఇది మా వాడ గొడవ ఒక్కటే అయితే ఇంత రాయనక్కర్లేదు. నూరేళ్ళు దాటి తెలుగుదేశం అంతా ఈ నాటకానికి ఇట్లాగే నవ్వింది. గురజాడ తన పుస్తకంలో గిరీశానికి శిక్ష వేసేడు. వకీలు సౌజన్యారావు వాడి బండారం తెలుసుకుని ఇంట్లోంచి పొమ్మంటాడు. బుచ్చమ్మ వాడి చేతికి చిక్కకుండా పూనాలో విధవల శరణాలయానికి వెళ్తుంది. వాడు తిట్టుకుంటూ పోతాడు. అది రాసినవాడు చెప్పిన తీర్పు. చూసినవాళ్ళు ఆ తీర్పు కొట్టేసేరు. గిరీశాన్ని భుజాన ఎత్తుకుని ఇంటికి తెచ్చుకున్నారు. వాడి మాటలు పెళ్ళిపందిళ్ళలో, కాలేజీ వార్షికోత్సవాల్లో, రాజకీయ సభల్లో ఇప్పటికీ మోగుతుంటయ్యి. బుచ్చమ్మ అన్న మాట ఒక్కటి చెప్పమనండి ఎవర్నైనా. 1955లో పి. పుల్లయ్య సినిమా తీస్తే గిరీశం వేషం ఎన్టీ రామారావుది. మధురవాణి సావిత్రి. అప్పటికే దేవుళ్ళా వెలుగుతున్న మొహాన్ని ఒక మోసగాడికి తగిలిస్తే, చూసేవాడు మోసాన్ని చూస్తాడా, మొహాన్ని చూస్తాడా?

గురజాడది తప్పా, చూసేవాళ్ళది తప్పా అని మేం రెండు రాత్రులు వాదించుకున్నాం. మాలో సగం మంది గురజాడకి కొంత వాటా ఇవ్వాల్సిందే అన్నారు. మాటలన్నీ వాడికే పెట్టేడు గదా. బుచ్చమ్మకి పెట్టిన మాటలెన్ని? నవ్వు నాలుక ఉన్నవాడి వెంటే పోతుంది. ఆడదాన్ని ఏడిపించేవాణ్ణి ఎగతాళి చెయ్యాలని కూచుని, వాడికి పూలమాల్లాంటి మాటలు అల్లి పెడితే, చివర్లో నాలుగు నిమిషాల శిక్ష ఆ మాలని తెంపలేదు. మిగతా సగం, మధురవాణిని మరిచిపోతున్నారన్నారు. అందరి దొంగతనాలూ చూసి, అందర్నీ ఆడించి, సుబ్బిని కాపాడిన బుర్ర ఆమెదే గదా అన్నారు. అదీ నిజమే. కాని మధురవాణి తెలివికి పొంగిపోయే పెద్దలు కూడా ఆమెని 'వేశ్యే అయినా మంచిది' అంటారు. ఆ 'అయినా'లో ఉంది అంతా.

ఒక్క మాట పక్కకి. ఈ నాటకంలో మనకి దగ్గరి మనిషి ఒకడున్నాడు, స్టేజి మీదకి రాడు. బండివాడు. గిరీశం వాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి రెండు గంటలు ఉపన్యాసం ఇస్తే, అంతా విని, మా ఊరి హెడ్డు కానిస్టేబుల్ని కాంగ్రెసువాళ్ళు ఎప్పుడు బదిలీ చేస్తారని అడిగేడట. చదువుకున్నవాళ్ళు వాడి అమాయకత్వానికి నూరేళ్ళుగా నవ్వుతున్నారు. మాకు ఎంతసేపు చదివినా అందులో అమాయకత్వం కనపడలేదు. లాఠీ తగిలిన వీపు అడిగే ప్రశ్న అది. కారంచేడు 1985లో, చుండూరు 1991లో ఎన్ని పార్టీల ఉపన్యాసాలు విన్నాం! మనవాళ్ళు అడిగింది కూడా అదే గదా, కొట్టినవాడి సంగతేంటని. ఎగతాళి రాసినవాడు ఒకచోట గురిపెడితే నవ్వు ఇంకోచోట తగులుతుందనడానికి ఇది మన సొంత ఉదాహరణ.

ఇక చెల్లి సంగతి.

డిగ్రీ ఆఖరేడు చదువుతోంది. మా దళంలో నాటకం పూర్తిగా, అదీ రెండుసార్లు చదివింది ఆమె ఒక్కతే. మధురవాణి వెయ్యడానికి ముందు ఎవరూ ఒప్పుకోలేదు. "సాని వేషమా?" అని ఒక తల్లి పిల్లని లాక్కుపోయింది. ఈ పిల్లే ముందుకొచ్చి, "అందులో బుర్రున్నది ఆమెకే గదన్నా, నేనేస్తా" అంది. వేసింది. బాగా వేసింది. స్టేజి మీదకి రాగానే ఈలలు పడినయ్యి. రోడ్డు మీది బండ్ల నుంచే అనుకున్నాం మొదట. కాదు. సగం మనవే.

మర్నాటి నుంచి ఆమె పేరు పోయింది. పాలకేంద్రం దగ్గర 'మధురవాణీ'. బస్సు దగ్గర 'మధురవాణీ'. "ఈ పూట ఎవరింట్లో?" అని ఒకడు. మంచం ఘట్టంలో ఆమె నవ్వే ముక్క ఒకటి ఫోనులో తీసి, దానికి రికార్డింగ్ డాన్సు పాట తగిలించి వాడంతా తిప్పేరు. తిప్పినవాడు ఎవడో కనుక్కున్నాం. గిరీశం వేసినవాడి స్నేహితుడే. జై భీమ్ అని చేతి మీద పచ్చబొట్టు కూడా ఉంది.

ఇదే పని ఊరి కుర్రోళ్ళు చేసుంటే ఏం చేసుండేవాళ్ళం? 1989 అట్రాసిటీ చట్టం సెక్షన్లు మాకు నోటికి వచ్చు. రాత్రికి రాత్రే స్టేషన్ ముందు కూచునేవాళ్ళం. మన కుర్రోళ్ళు చేసేసరికి ఏం చేసేం? పెద్దల్ని పిలిచేం, టీ తాగేం. పిల్లోణ్ణి మందలించేం. "వయసు, ఏదో సరదాగా చేసేడు" అని వాడి తండ్రి అంటే తల ఊపేం. ఆఖర్న చెల్లి ఇంటికెళ్ళి, "నాలుగు రోజులు ఇటు రాకమ్మా, అదే సద్దుమణుగుతుంది" అని చెప్పి వచ్చేం. తప్పు చేసినవాడు అరుగు మీద కూచున్నాడు, వేషం వేసిన పిల్ల ఇంట్లో కూచుంది. ఈ తీర్పు చెప్పడానికి సంఘం ఎందుకు? అగ్నిహోత్రావధాన్లు చాలడా?

మధురవాణి అన్నది తిట్టెట్లా అయింది? ఆ తిట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో మన కుర్రోళ్ళు ఆలోచించేరా? తెలంగాణ జిల్లాల్లో జోగిని, సీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. పేరు ఏదైనా దేవుడి పేరు చెప్పి మన పిల్లల్నే ఊరి పెద్దల కాళ్ళ దగ్గర పడేసేరు. 1988లో చట్టం వచ్చింది. చట్టం వచ్చినా ఆ తల్లుల పిల్లలు బళ్ళో తండ్రి పేరు అడిగితే తలొంచుకున్నారు. మన ఇంటి ఆడపిల్లని సాని అనడం ఊరు చేసిన పని. ఆ పనిని ఇప్పుడు ఊరికి కష్టం లేకుండా మన కుర్రోడే చేసిపెట్టేడు. రోడ్డు మీద బండెక్కి కూచున్న ఇరవై మందీ ఆ రాత్రి ఇళ్ళకెళ్ళి ఏం చెప్పుకునుంటారో ఊహించండి.

"హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలన్నా, ప్రతిదానికీ ఉద్యమం అంటే ఎట్లా?" అని ఒక తమ్ముడు మమ్మల్ని నిలదీసేడు. జవాబు మేం చెప్పలేదు. తాత చెప్పేడు. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో హరిశ్చంద్ర ఆడితే మనవాళ్ళు వెనకాల దూరంగా నేలమీద కూచుని చూసేవాళ్ళట. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం. కాటిసీనులో మన జాషువా పద్యాలు. ఆ పద్యాలకి ఊరంతా కన్నీళ్ళు పెట్టుకునేది. కాటికాపరి వీరబాహుడు తాగి తూలుతూ వచ్చేసరికి అదే ఊరు గొల్లున నవ్వేది. "నవ్వి ఊరుకునేవాళ్ళు కాదురా. వెనక్కి తిరిగి మా వంక చూసేవాళ్ళు. చూసి మళ్ళీ నవ్వేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం. నవ్వకపోతే బాగుండదు గదా. ఇంటికొచ్చినాక మా నాయన ఆ రాత్రి అన్నం తినలేదు" అన్నాడు. కాసేపాగి, "మొన్న మీరు ఈలేసి ముందు కూచున్న ఆడోళ్ళ వంక చూసినప్పుడు, ఆ చూపు నాకు తెలిసిన చూపే" అన్నాడు.

నవ్వించకండి అని ఆయన ఎందుకన్నాడో అప్పటికి తెలిసింది. అయినా ఆ మాటతో మేం పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాం. నవ్వు మానేస్తే మిగిలేది భజనే. ఆడోళ్ళ చేతికి నవ్వు దొరికితే ఏమవుతుందో ఈ రాష్ట్రం ఒకసారి చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న కూలి ఆడోళ్ళు సారా దుకాణం మూయించేరు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ ఉంది. తాగుబోతు మొగుడి వేషం కళాజాతాల్లో వస్తే ముందు నవ్వింది వాళ్ళే. ఆ నవ్వు మొగుడితో కలిసి నవ్విన నవ్వు కాదు. అట్లా నవ్వినవాళ్ళే దుకాణం ముందు బైఠాయించేరు. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995లో మద్యం మొత్తం నిషేధమైంది. 1997లో ఆ నిషేధాన్ని సడలించింది ప్రభుత్వం, ఆడోళ్ళు కాదు. తేడా ఎక్కడంటే, అక్కడ కథ చెప్పిందీ వాళ్ళే, ఎక్కడ నవ్వాలో తేల్చిందీ వాళ్ళే. మా జయంతి నాటకంలో ఘట్టాలు ఎంచింది మొగోళ్ళం. మాటలు కుదించింది మొగోళ్ళం. గిరీశం మాటలు ఒక్కటి తగ్గించకుండా బుచ్చమ్మ ఘట్టం 'టైము చాలదని' తీసేసింది కూడా మేమే.

ఇంకొకటి ఉంది. అది రాయడానికి చెయ్యి ఆడటం లేదు గాని రాస్తాం. అవధాన్లు కూతురి ధర గురించి బేరం ఆడుతుంటే నవ్వేం గదా, అట్లాంటి బేరం మా ముందు వరస కుర్చీల్లోనే కూచుని ఉంది. ఓలి ఎప్పుడు పోయిందో, కట్నం ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగిన ముసలమ్మలు వాడలో ఇంకా ఉన్నారు. మన పిల్లోడు చదువుకున్నాడు. రిజర్వేషన్ మీద ఉద్యోగం వచ్చింది. ఆ రిజర్వేషన్ కోసం ఎందరో కడుపు మాడ్చుకుని పోరాడేరు. ఉద్యోగం వచ్చిన నెలకే టీచరుకింత, కానిస్టేబులుకింత, బ్యాంకుకింత అని రేటు. ఇచ్చేదెవరు? ఇంకో దళితుడే. కూలి చేసి, పొదుపు సంఘంలో అప్పు చేసి ఇస్తున్నాడు. 1961లోనే కట్నం నేరమని చట్టం వచ్చింది. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1921లో, కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం' రాసేడు. పిసినారి లింగరాజు బేరానికి జనం నవ్వేరు, కాళింది చావుకి ఏడ్చేరు. ఏడ్చి కళ్ళు తుడుచుకుని కొడుకు పెళ్ళికి బేరం కుదుర్చుకున్నారు. అగ్రవర్ణాల ఆ జబ్బు మనకి అంటుకోవడానికి ఎన్నేళ్ళు పట్టింది? భూమి ఇమ్మంటే ఇవ్వలేదు గాని, ఇది మాత్రం అడక్కుండానే వచ్చి చేరింది.

మేం అన్న మాటలో మేమూ ఉన్నాం. ఈ వ్యాసం కూచుని రాస్తున్న అయిదుగురిలో ఒకరు పెళ్ళికి మోటారు సైకిలు పుచ్చుకున్నారు. అది కట్నం కాదు, మామగారి ముచ్చట అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నారు. ఈ పేరా రాసేటప్పుడు ఆయన లేచి బయటికెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చేరు. తీసెయ్యమని మాత్రం అనలేదు.

కొందరు అన్నలు మాకు ఉత్తరం రాస్తారు, తెలుసు. ముందు కులం సంగతి తేలనీ, ఆడోళ్ళ సంగతి తర్వాత చూద్దామంటారు. ఇంటి గుట్టు ఊరికి చెబుతారా, ఊరివాళ్ళు నవ్వరా అంటారు. ముందు స్వరాజ్యం రానీ, అంటరానితనం సంగతి తర్వాత చూద్దామని మనకి ఎవరు చెప్పేరో, ఆ మాట మనకి ఎట్లా తగిలిందో గుర్తు చేసుకోమని మా మనవి. హిందూ కోడ్ బిల్లు ఆగిపోయినప్పుడు 1951లో అంబేద్కర్ మంత్రి పదవి వదిలేసేడు. ఆడవాళ్ళ ఆస్తి హక్కు, విడాకుల హక్కు ఉన్న బిల్లు అది. దానివల్ల ఎక్కువగా మేలు జరిగేది అగ్రవర్ణపు ఆడవాళ్ళకే. అయినా ఆయన తర్వాత చూద్దామనలేదు. ఇక గుట్టు సంగతా? ఫోనులో తిరిగిన ముక్క ఈ పాటికి ఊరంతా చూసింది. గుట్టు ఎక్కడుంది ఇంకా?

పోయిన ఆదివారం మేం ముగ్గురం, చీపురు పెద్దమ్మ, మొత్తం నలుగురం చెల్లి ఇంటికెళ్ళేం. ఇటు రాకమ్మా అన్నది మా తప్పేనని చెప్పేం. ఆమె లోపలికి రమ్మనలేదు. అరుగు మీదే కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మళ్ళీ వేషం వేస్తావా అమ్మా అని మేం అడిగే లోపల పెద్దమ్మే అడిగింది, "ఈసారి గిరీశం నువ్వెయ్యవే, నేనెట్లా కొడతానో చూద్దువు" అని. ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. తర్వాత రెండు మాటలు చెప్పింది. ఆ ఫోను ముక్క తీసినవాడూ, తిప్పినవాళ్ళూ ఆడోళ్ళ ముందు నిలబడి, తనని తన పేరు పెట్టి పిలిచి తప్పు ఒప్పుకోవాలి. అది ఒకటి. ఇక రెండోది. సంఘంలో పదవులున్నవాళ్ళు తమ ఇళ్ళల్లో జరిగిన పెళ్ళిళ్ళకి తీసుకున్నదీ ఇచ్చినదీ లెక్క రాసి సంఘం ఆఫీసు గోడకి అంటించాలి. అవి జరిగితే ఈసారి బుచ్చమ్మ ఘట్టం తనే రాస్తానంది.

మొదటిది ఒప్పుకున్నాం. వచ్చే ఆదివారం సాయంత్రం చర్చి అరుగు దగ్గర. కుర్రోళ్ళు ముగ్గురూ వస్తామన్నారు, ఒకడు ఇంకా నానుస్తున్నాడు. రెండోదాని మీద కార్యవర్గంలో రెండు గంటలు గొడవ జరిగింది. ఏడుగురు మొగోళ్ళలో నలుగురు వద్దన్నారు, ఆడోళ్ళిద్దరూ కావాలన్నారు. లెక్క వేస్తే అయిదు, నాలుగు. కాబట్టి గెలిచినట్టే. అయితే అధ్యక్షుడు ఇది సర్వసభ్య సమావేశంలో తేలాల్సిన సంగతి అని వాయిదా వేసేరు. ఆ సమావేశం ఈ నెలాఖరున. సభ్యులు, ముఖ్యంగా అక్కలు, తప్పకుండా రావాలి. పిల్లల్ని చూసుకునే పని ఆ పూటకి మొగోళ్ళకి అప్పజెప్పి రండి.